ఆరు వారాల ఐరైటిస్, రోజుకు రెండు చుక్కల అట్రోపిన్

కుడికన్ను ఎర్రబడితే మొదటి రెండు రోజులు కళ్లకలకే అనుకున్నాను. కానీ పుసి లేదు, పొద్దున రెప్పలు అంటుకోలేదు. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఉంది. ఎడమకంట్లో టార్చి వేసినా, మూసి ఉన్న కుడికన్నే సలిపింది. ఈ చివరి గుర్తు కనిపిస్తే మందులషాపు చుక్కలతో రోజులు గడపకండి, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. నాకొచ్చింది ఐరైటిస్: కనుపాప చుట్టూ ఉండే రంగు పొర, ఐరిస్, వాచింది.

రాసిన మందులు రెండు. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1 శాతం మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి, అట్రోపిన్ 1 శాతం రోజుకు రెండుసార్లు. వాపు తగ్గించే స్టెరాయిడ్ మొదటిది. రెండోది బెల్లడోనాలోనూ, మన చేలగట్ల మీది ఉమ్మెత్తలోనూ ఉండే ఆల్కలాయిడ్, అంటే మొక్కలు తయారుచేసే ఒక రసాయనం. వాచిన ఐరిస్ వెనకున్న లెన్స్‌కు అతుక్కుపోతుంది. అట్రోపిన్ కనుపాపను విప్పార్చి ఆ అతుకు పడనివ్వదు, లోపలి కండరాన్ని సడలించి నొప్పీ తగ్గిస్తుంది. నాకు అప్పటికే ఒకచోట అతుక్కుంది. మొదటి చుక్కలకు పాప వంకరగా తెరుచుకుంది, మూడో రోజుకు గుండ్రబడింది. ఇంకా ఆలస్యమైతే ఆ అతుకు వీడేది కాదేమో.

చుక్క వేయడంలోనే అసలు జాగ్రత్త ఉంది. ఒక్క చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు, అంటే అర మిల్లీగ్రాము అట్రోపిన్. ఇంజెక్షన్ ఆంప్యూల్‌లో ఉండేదే 0.6 మిల్లీగ్రాములు! వేసి వదిలేస్తే ముక్కులోకి, గొంతులోకి దిగి నోరు పిడచగట్టుకుపోతుంది, గుండెదడ వస్తుంది. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగాలి. ప్రెడ్నిసొలోన్ సీసా బాగా ఊపాలి, మందు అడుగున పేరుకుంటుంది.

ఉమ్మెత్తలో ఉన్నదే కదా అని పసరు మాత్రం కంట్లో పిండవద్దు. ఏ ఆకులో ఎంత మందుందో చెప్పలేం, పైగా పసరుతోపాటు బూజు చేరితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. కంటి లోపలి నీరు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నవాళ్లకు పాప విప్పారితే కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరగొచ్చు. వినాయక చవితికి దత్తూర పత్రం, అంటే ఉమ్మెత్త ఆకు తుంచిన చేత్తో కన్ను నలుపుకున్నా చాలు, ఆ పాప పెద్దదై దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. పత్రి కోశాక సబ్బుతో చేతులు కడగండి.

నొప్పి వారంలో పోయింది. అలాగని స్టెరాయిడ్ ఆపకూడదు, వాపు తిరగబెడుతుంది. గంటకోసారి వేసేది ఆరుసార్లకు, తర్వాత నాలుగు, మూడు, రెండు, ఒకటికి వారానికో మెట్టు చొప్పున తగ్గించారు. కొందరిలో స్టెరాయిడ్ కంటి ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి వెళ్లిన ప్రతిసారీ కొలిచారు. నాలుగో వారం నాకు 24 మి.మీ. పాదరసం వచ్చింది, టిమొలాల్ చుక్కలు కలిపాక 16కు దిగింది. అట్రోపిన్ ఆపాక పాప మామూలవడానికి పది రోజులు పట్టింది. అన్నాళ్లూ బండి తీయలేదు, ఎండలో నల్లద్దాలు, పేపరుకు ప్లస్ అద్దాలు.