స్టేక్ హౌస్‌లో శాకాహారులు

శుక్రవారం. నెలాఖరు లెక్కలు నిన్ననే పంపేయడంతో ఆఫీసులో అందరికీ తీరిక ఎక్కువైంది. తీరిక దొరికితే మావాళ్ళు తిండి గురించే మాట్లాడుకుంటారు. క్రిస్మస్ ముందు అందరం కలిసి చేసే భోజనం ఎక్కడ పెట్టుకోవాలన్న చర్చ మొదలైంది. పబ్‌లో స్టేక్ (మందంగా కోసి కాల్చిన గొడ్డు మాంసం ముక్క) ధర చదివి వినిపించగానే కొందరు నొసలు ముడిచారు. "సిజ్లర్ ఉండి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు" అన్నారు మా విభాగంలో అందరికన్నా పెద్దాయన. సిజ్లర్ అంటే ఒకప్పుడు ఇక్కడ శాఖలు నడిపిన చవక స్టేక్ హౌస్. ఇక మధ్యాహ్నమంతా ఆ కబుర్లే.

బ్రిస్బేన్‌లో పుట్టి పెరిగిన వాళ్ళ దగ్గర సిజ్లర్ పేరెత్తితే పుట్టినరోజులు, పరీక్ష ఫలితాలు, తాతగారికి పింఛను వచ్చిన రోజులు అన్నీ బయటికొస్తాయి. ఆస్ట్రేలియాలో మొదటి సిజ్లర్ 1985లో ఇక్కడే, యానర్లీలో తెరిచారు. పెద్దాయన అప్పటికి బడి పిల్లవాడు. నలుగురు పిల్లలున్న ఇంట్లో హోటల్ భోజనమనే మాట అప్పుడే మొదటిసారి విన్నారట. మాంసం ఎలా ఉండేదని అడిగితే కాసేపు ఆలోచించి, గుర్తులేదన్నారు. గుమ్మడికాయ సూపు, చాక్లెట్ మూస్, చీజ్ టోస్టు మాత్రం నిన్న తిన్నట్టే చెప్పారు. స్టేక్ హౌస్ జ్ఞాపకాల్లో స్టేక్ లేకపోవడం నాకు భలేగా అనిపించింది. ఆ హోటల్ కథంతా అందులోనే ఉందని నా అనుమానం.

అసలు అది అమెరికా సరుకు. 1958లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో డెల్ జాన్సన్, హెలెన్ జాన్సన్ దంపతులు మొదలుపెట్టారు. స్టేక్ తినాలంటే తెల్ల గుడ్డ పరిచిన బల్ల, వంగి నిలబడే వెయిటరు, చివర్లో టిప్పు తప్పని రోజుల్లో వాళ్ళు కౌంటర్ పెట్టారు. ఏం కావాలో అక్కడే చెప్పి, డబ్బు కట్టి, వెళ్ళి కూర్చోవాలి. వెయిటర్ల ఖర్చు తగ్గింది, ధరా తగ్గింది. 1967లో దాన్ని జిమ్ కాలిన్స్ కొన్నాడు. ఆయన అప్పటికే కెంటకీ ఫ్రైడ్ చికెన్ అమ్మి బాగుపడ్డ మనిషి. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కేఎఫ్‌సీలు, సిజ్లర్లు ఒకప్పుడు కాలిన్స్ ఫుడ్స్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉండటానికి మూలం అదే.

ఆ దశాబ్దంలో ఇలాంటివి వరసగా పుట్టుకొచ్చాయి. బొనాంజా అనే టీవీ సీరియల్లో హాస్ పాత్ర వేసిన డాన్ బ్లాకర్ 1963లో ఆ పేరుతోనే స్టేక్ హౌస్ పెట్టాడు. రెండేళ్ళకు ఇండియానాలోని కోకొమోలో మరికొందరు, ఆ సీరియల్లోని పశువుల క్షేత్రం పేరు తీసుకుని పాండెరోసా తెరిచారు. టీవీలో కౌబాయ్‌లను చూసినవాళ్ళు ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని అక్కడికి వెళ్ళేవారు. చివరికి రెండూ ఒకే యజమాని గూటికి చేరాయి, ఆ సంస్థ 2008లో దివాలా పిటిషన్ వేసింది.

సిజ్లర్‌కు నన్ను మొదట తీసుకెళ్ళింది విద్యార్థి రోజుల్లో మా ఇంటి సహవాసులు. తెలుగు కుర్రాళ్ళం, మాలో గొడ్డు మాంసం ముట్టేవాళ్ళు ఎవరూ లేరు, ఇద్దరైతే గుడ్డు కూడా తినరు. అలాంటి బృందం స్టేక్ హౌస్‌కు పోవడమేమిటని ఎవరికీ తోచలేదు. సలాడ్ బార్ ఒక్కటే కొనుక్కోవచ్చు, ఎన్నిసార్లయినా వడ్డించుకోవచ్చు. మాకు అంతకన్నా ఏం కావాలి? పాస్తా, బంగాళాదుంపలు, పళ్ళ ముక్కలు, ఐస్‌క్రీమ్, మళ్ళీ పాస్తా. మధ్యాహ్నం వెళితే పొయ్యి వెలిగించే పని మర్నాటి దాకా ఉండేది కాదు.

తర్వాత తెనాలి నుంచి అమ్మ వచ్చినప్పుడూ తీసుకెళ్ళాను. అమ్మ పళ్ళెంలో కాసిన్ని కీరా ముక్కలు, ఒక టోస్టు పెట్టుకుని, తినడం మాని చుట్టూ చూడటం మొదలుపెట్టింది. "ఏరా, ముందే డబ్బు తీసుకుని ఎంతైనా తినమంటున్నారే, వడ్డించే మనిషి ఏడీ?" అంది. మా మేనమామ చాలాకాలం భోజన హోటల్ నడిపాడు కాబట్టి ఆ ఇంటి ఆడపడుచుకు ఈ ప్రశ్న రావడం సహజం. మన ఫుల్ మీల్స్‌లోనూ కౌంటర్లో ముందే కూపన్ కొంటాం, కడుపు నిండా తింటాం. కానీ ఎంతైనా పెట్టేది అన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ. వేపుడు గిన్నె పట్టుకున్న మనిషి గరిటె ఎంత వంచాలో మామయ్య కళ్ళతోనే చెప్పేవాడు. స్వీటు ఒక్కటే, రెండోది అడిగితే నవ్వు మాత్రమే దొరికేది. లాభమంతా ఆ గరిటె చివర ఉండేది. సిజ్లర్‌లో గరిటె తినేవాడి చేతికే ఇచ్చారు. "వీళ్ళు నిలదొక్కుకుంటారంటావా?" అని అమ్మ అడిగితే, పెద్ద కంపెనీలమ్మా, లెక్క వేసుకునే ఉంటారులే అన్నాను.

లెక్క వేసుకున్నారు, ఒక హద్దు వరకు. చవక స్టేక్ వ్యాపారంలో చిక్కేమిటంటే, ఖర్చులో పెద్ద వాటా మాంసానిదే, దాని ధర మన చేతిలో ఉండదు. పశువుల ధర పెరిగినంత సులువుగా మెనూ ధర పెంచలేం, పెంచితే చవక అన్న పేరే పోతుంది. అందుకే పక్కన ఆకుకూరలు, రొట్టె, సూపు పెట్టి కడుపు నింపడం తెలివైన పనే. అమెరికాలో 1980ల నాటికి ఎర్ర మాంసం ఆరోగ్యానికి మంచిది కాదన్న మాట బలపడింది, సలాడ్ బార్ కోసమే వచ్చేవాళ్ళు పెరిగారు. సిజ్లర్ దాన్ని ఇంకా పొడిగించి, పాస్తాలు, టాకోలు చేర్చి పెద్ద బఫే చేసింది. నా దృష్టిలో కాలు జారింది అక్కడే. ఒకే కప్పు కింద రెండు వంటిళ్ళు నడపాల్సి వచ్చింది. స్టేక్ ఆర్డర్లు తగ్గాయి, తగ్గినకొద్దీ దాని మీద శ్రద్ధా తగ్గింది. మంచి స్టేక్ కావాలనుకున్నవాడు ఇంకో నాలుగు డాలర్లు వేసుకుని వేరే చోటికి పోయాడు. బఫే చాలనుకున్నవాడికి అంతకన్నా చవక బఫేలు ఎదురుగానే దొరికాయి. 1996లో అమెరికాలో దివాలా రక్షణ కోరి వందకు పైగా శాఖలు మూసుకున్నారు.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. 1988లో ఫ్లోరిడాలోని టాంపాలో కొందరు అమెరికన్లు కంగారూలు, బూమరాంగ్‌ల అలంకారంతో అవుట్‌బ్యాక్ అనే స్టేక్ హౌస్ తెరిచారు. అది సిజ్లర్ కన్నా ఒక మెట్టు పైది, బల్ల దగ్గరికే వచ్చి వడ్డిస్తారు. అక్కడి జనం ఆస్ట్రేలియా పేరు చెప్పుకుని స్టేక్ తింటున్న కాలంలో, ఇక్కడి అసలు ఆస్ట్రేలియన్లు కాలిఫోర్నియా హోటల్లో గుమ్మడికాయ సూపు తాగుతున్నారు.

ఇక్కడ సిజ్లర్ ఇంకో పాతికేళ్ళు బతికింది. 2006లో బ్రిస్బేన్‌లో రెండు శాఖల సలాడ్ బార్ తిండిలో ఎవరో ఎలుకల మందు కలిపారు. దేశమంతటా సలాడ్ బార్లు కొన్నాళ్ళు ఆపేశారు. పదిమంది చేతులు తగిలే చోట ఆ భయం తొందరగా పోదు, అయినా జనం తిరిగి వచ్చారు. దాన్ని నెమ్మదిగా తినేసింది మాత్రం ఇలాంటి వార్తలేవీ కావు. ఉదయం కాఫీకే మంచి హోటళ్ళు, వీధికో కొరియన్, వియత్నామీస్ వంటకం దొరికే ఊరిలో, దీపాల కింద ఆరిపోతున్న పాస్తా ఎవరిని రప్పిస్తుంది? కంపెనీకి కేఎఫ్‌సీలోనే డబ్బు కనబడింది, సిజ్లర్‌లో కొత్తగా పెట్టుబడి పెట్టే ఉత్సాహం పోయింది. 2020లో కోవిడ్ వచ్చింది, తనకు తాను వడ్డించుకోవడమే తప్పయిన కాలం. మిగిలిన తొమ్మిది శాఖలను నవంబరు 15న మూసేస్తామని అక్టోబరులో ప్రకటించారు. అప్పుడు చూడాలి వరసలు! ఏళ్ళ తరబడి గడప తొక్కనివాళ్ళంతా పిల్లలతో సహా వచ్చి నిలబడ్డారు. పెద్దాయనా నిలబడ్డారట. అందులో సగం మంది ఏడాదికి రెండుసార్లు వచ్చినా ఆ వరసలు అవసరమయ్యేవి కావన్నాను. ఆయనకు నచ్చలేదు, ప్లేటు పట్టుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికొచ్చి సిజ్లర్ చీజ్ టోస్టు చేశాను. లావుపాటి తెల్ల బ్రెడ్డు, సమానంగా కలిపిన వెన్న, పెకొరినో అనే గొర్రె పాల చీజ్ తురుము. ఒక వైపే దట్టంగా రాసి, ఆ వైపే పెనం మీద వేసి మూత పెట్టాలి. కింద కరకరలాడాలి, పైన ఆవిరికి మెత్తగా ఉండాలి. రెండో వైపు తిప్పితే చెడిపోయినట్టే. మా అమ్మాయి ఉప్పెక్కువైందంటూనే మొత్తం తినేసింది. దానికి సిజ్లర్ తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు.

తర్వాత అమ్మకు ఫోను చేశాను. ఆ హోటల్ గుర్తుందా అంటే, "గరిటె మనకే ఇచ్చిన హోటలేగా?" అంది. మూసేసి చాలా కాలమైందని చెబితే ఏమీ ఆశ్చర్యపోలేదు. థాయ్‌లాండ్‌లో మాత్రం 1992 నుంచి ఇప్పటికీ బాగా నడుస్తోందన్నాను. అక్కడ దాన్ని చవక హోటల్‌గా కాక, మాల్స్‌లో పెట్టి, తాజా సలాడ్ల చోటుగా పేరు నిలిపారు. వచ్చే నెల బ్యాంకాక్ వెళ్తున్న మా వదినవాళ్ళను తప్పకుండా అక్కడ భోంచేయమన్నాను. "బ్యాంకాక్ దాకా పోయి బ్రెడ్డు తినమంటావా?" అని వదిన ఫోను అన్నయ్యకు ఇచ్చేసింది.