వరంగల్ రోడ్డు దిగి చూస్తే

మా ఉప్పల్ వైపు వాళ్లకు భువనగిరి అంటే యాదగిరిగుట్టకు పోయే దారిలో వచ్చే ఊరు, అంతే. నరసింహస్వామి దర్శనం, పులిహోర, లడ్డూ, మధ్యాహ్నం భోజనానికల్లా ఇల్లు. దారిలో పెద్ద బండ కనిపిస్తే పిల్లలకు "అదిగో కోట" అని చూపించి ముందుకు పోతాం. ఈసారి గుట్టను పక్కనపెట్టి మిగతా యాదాద్రి భువనగిరి జిల్లా చూద్దామని అమ్మను, తమ్ముణ్ని బయల్దేరదీశాను. "అంత దూరం పోయి దేవుణ్ని చూడకుండ వస్తరా ఎవరన్న?" అని అమ్మ బీబీనగర్ దాకా సణుగుతూనే ఉంది.

భువనగిరి కోట ఎక్కాలనుకుంటే పొద్దున్నే ఎక్కాలి. అదంతా ఒకే రాయి. ఎండెక్కితే కాళ్ల కింద పెనమే. ఐదొందల అడుగుల పైచిలుకు ఎత్తున్న ఈ ఏకశిల మీద కోట కట్టించింది కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడని చెబుతారు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. కొండకు త్రిభువనగిరి అన్న పేరు అలా వచ్చి, కాలక్రమంలో భువనగిరిగా మిగిలింది. కింద ద్వారం దాటేదాకా మామూలు మెట్లే. ఆ తర్వాత బండనే చెక్కిన మెట్లు. కొన్ని చోట్ల పాదం సగమే ఆనుతుంది. పక్కన ఇనుప కమ్మీ లేకపోతే నేను సగంలోనే దిగివచ్చేదాన్ని. మలావత్ పూర్ణ కొండలెక్కడంలో ఓనమాలు దిద్దుకున్నది ఈ బండ మీదే. పదమూడేళ్ల వయసులో, 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన పిల్ల. నేను కమ్మీ పట్టుకుని ఆయాసపడుతున్న చోటికి కాస్త అవతల, తాళ్లు కట్టుకున్న కాలేజీ కుర్రాళ్లు నిట్టనిలువు రాయి మీద బల్లుల్లా పాకుతున్నారు.

పైన పాడుబడ్డ గోడలు, నీటి గుంటలు, విపరీతమైన గాలి. భవనం శిథిలమే కానీ, అక్కడ నిలబడితే కోటను ఇక్కడే ఎందుకు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎటు నుంచి దండు వచ్చినా గంటల ముందే కనిపించేంత చదును నేల చుట్టూ. అలాంటి కోట మీద కూడా 1708లో సర్వాయి పాపన్న దాడి చేశాడు. అంతకుముందే ఓరుగల్లు మీద పడ్డాడు. గౌడ కులంలో పుట్టి, మొగలు ఫౌజుదార్లకు, జమీందార్లకు నిద్ర లేకుండా చేసినవాడు. ఇదే దారిలో జనగామ దాటాక ఖిలాషాపూర్‌లో ఆయన కట్టిన కోట ఇంకా ఉంది. మొగలు చరిత్రకారులు ఆయన్ని దోపిడీదారని రాశారు. మా వైపు మాత్రం ఆయన కథ పాటగా నిలిచింది. కాకతీయుల బోర్డులు చదివే శ్రద్ధలో సగమన్నా పాపన్న మీద పెట్టాలని నాకనిపిస్తుంది.

కిందికొచ్చేసరికి అమ్మ టీ కొట్టు దగ్గర ఒకావిడతో కూర్చుని ఆమె కోడలి కాన్పు దాకా అన్నీ కనుక్కుంది.

ఆలేరు దగ్గర హైవే వదిలి లోపలికి ఆరు కిలోమీటర్లు పోతే కొలనుపాక. చాలామంది ఇక్కడికి జైన మందిరం కోసం వస్తారు. చూడాల్సిందే. పాలరాతి స్తంభాలు, ఆదినాథుడు, జేడ్ రాతిలో మలిచిన మహావీరుడు. లోపల ఎంత శుభ్రమంటే మా తమ్ముడు కూడా గొంతు తగ్గించి మాట్లాడాడు. కానీ నాకు మనసు పట్టింది ఊళ్లోని సోమేశ్వరాలయం దగ్గర. చాళుక్యుల కాలంలో కొల్లిపాక పేరుతో ఇది పెద్ద పట్టణం. ఆ పెద్దరికమంతా ఇప్పుడు గుడి ఆవరణలో రాళ్ల రూపంలో వరుసగా నిలబెట్టి ఉంది: శాసనాలు, యుద్ధాల్లో చనిపోయిన వీరులకు నిలబెట్టిన వీరగల్లులు, చేతులు విరిగిన ద్వారపాలకులు. వీరశైవుల పంచాచార్యుల్లో ఒకరైన రేణుకాచార్యులు ఇక్కడి సోమేశ్వర లింగం నుంచే పుట్టారని నమ్మకం. ఊళ్లో కులానికో మఠం అన్నట్టు పాత మఠాలున్నాయి. ఒకే ఊళ్లో జైనులు, వీరశైవులు, వాళ్ల మధ్య జరిగిన గొడవలు, సర్దుబాట్లు ఎన్నో. ఇంత చరిత్రకు ఒక్క మనిషి దగ్గరుండి చెబితే ఎంత బాగుండు. ఉన్న బోర్డుల్లో సగం ఎండకు వెలిసిపోయాయి.

ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి ఈ జిల్లా దాటాక వస్తుంది, జనగామ కిందికి. ఐనా దాన్ని వదిలి రాబుద్ధి కాలేదు. రోడ్డు మీద దుకాణాల్లో కనిపించేవి మెమెంటోలు, గోడ బొమ్మలే. అసలు పని లోపలి ఇళ్లలో. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, వెనక నుంచి ఉలితో కొడుతూ బొమ్మను ఉబ్బిస్తారు. తర్వాత తిప్పి ముందు నుంచి కళ్లు, గోళ్లు, నగల గీతలు దిద్దుతారు. మేం వెళ్లినప్పుడు ఏదో గుడి ధ్వజస్తంభానికి తొడుగు నడుస్తోంది. ఆ పెద్దాయన రేకు వైపు చూడకుండానే మాతో మాట్లాడుతూ కొడుతున్నాడు. దెబ్బ శబ్దం మారితే చాలట, రేకు పలచబడిందని తెలిసిపోతుందట.

రాత్రి భువనగిరిలో ఒక లాడ్జిలో పడుకున్నాం. దాని గురించి చెప్పుకోవడానికి దోమలు తప్ప ఏమీ లేవు.

మర్నాడు బీబీనగర్ నుంచి పోచంపల్లి. ఊరి పేరు ముందు భూదాన్ చేరడానికి కారణం 1951 ఏప్రిల్ 18. శివరాంపల్లిలో సర్వోదయ సభ ముగించుకుని వినోబా భావే నడుచుకుంటూ ఈ ఊరొచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. ఇక్కడి దళిత కుటుంబాలు బతకడానికి ఎనభై ఎకరాలు కావాలని అడిగితే, ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. వినోబా మందిరం చిన్నదే. అమ్మ అక్కడి ఫొటోలన్నీ చూసి, "ఇచ్చినాయన పేరు అందరు రాసిండ్రు, అడిగినోళ్ల పేర్లేవి?" అంది. జవాబు కోసం గోడలన్నీ మళ్లీ వెతికాం.

చేనేత ఇళ్లలోకి వెళ్లాక మాత్రం గడియారం చూసుకోలేదు. పోచంపల్లిలో ముందు దారానికి రంగు, తర్వాతే నేత. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద దారాన్ని ఆ కొస నుంచి ఈ కొసకు అల్లడమే ఆసు పోయడం. ఇది ఆడవాళ్ల పని. ఒక చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. భుజాలు పడిపోతాయి. తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మేం వెళ్లిన ఇంట్లో ఆ యంత్రం ఒక మూల తనపాటికి తను తిరుగుతుంటే, ఇల్లాలు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

ఆసు అయ్యాక దారాల మీద బొగ్గుతో డిజైను గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు బిగిస్తారు. రంగులో ముంచాక కొన్ని విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ముంచుతారు. ఇదే చిటికి. మగ్గం మీద పేక, అంటే అడ్డంగా నేసే దారం, ప్రతిసారీ వచ్చి పడ్డప్పుడు నేతగాడు వేలి కొసతో దారాన్ని వెంట్రుకవాసి అటో ఇటో జరుపుతాడు. అప్పుడే పువ్వు పువ్వులా కుదురుతుంది. అందుకే అసలు చీరలో డిజైను అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి, తిప్పి చూస్తే వెనక కూడా అదే రంగు. "గీత మరీ సాఫుగ ఉండి, ఎనకకు తిప్పితె ఎలిసినట్టుంటె అది ప్రింటక్కా" అన్నాడు ఆయన. అమ్మ నెమ్మదిగా తను కట్టుకున్న 'పోచంపల్లి' కొంగు తిప్పి చూసుకుంది. సిటీలో కొన్నదది. ఆ చూపుకు నేతగాడికి నవ్వాగలేదు.

ఆ ఉక్రోషంతోనే కాబోలు, మగ్గం మీదున్న చీరే కావాలంది, కాకపోతే ఎరుపుకు బదులు నెమలికంఠం రంగులో.

"అట్ల ఒక్కదానికి కుదరదమ్మా. పడుగు, అంటే ఈ నిలువు దారాలు, ఒక్కసారి పోస్తే దాని మీద ఆరేడు చీరలొస్తయి. రంగు మార్చాలంటె పడుగంత మార్చాలె. ఇంకో ఐదారుగుర్ని తోల్కరా, నీకు నచ్చినట్టు నేసిస్త."

అమ్మ ఆయన నంబరు రాయించుకుని, కారెక్కగానే ఫోన్ తీసింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటేలోపు మా పిన్నులిద్దరూ ఒప్పుకున్నారు. మేనత్తకు మాత్రం నెమలికంఠం వద్దట, ముదురు ఆకుపచ్చ కావాలట. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర కూడా ఆ బేరం తెగలేదు.