కొల్లేటి ఒడ్డున సీసాల్లేని సభ

ఫిషరీస్ వాళ్ళకీ ఫారెస్ట్ వాళ్ళకీ పడదని ఆ రెండు శాఖల్లో ఎవర్ని అడిగినా చెప్తారు. ఒకరు కొల్లేటిని టన్నుల్లో లెక్కేస్తారు, ఇంకొకరు తలల్లో లెక్కేస్తారు. గూడబాతు, అంటే పెలికాన్ పక్షి, మింగిన చేప మొదటివాళ్ళ పద్దులో నష్టం, రెండోవాళ్ళ పద్దులో మేత. నేను చదివింది ఫిషరీస్, ఉద్యోగం పక్షుల మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో. అందుకేనేమో, ఇద్దర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టే పని నా నెత్తిన పడింది. సభ పర్యావరణానికి హాని చెయ్యకుండా జరగాలని మా కమిటీ తీర్మానం కూడా చేసింది. తీర్మానం రాయడానికి కాయితం తప్ప ఖర్చేముంది!

ముందు వచ్చిన పేచీ ఊరి గురించి. హైదరాబాద్‌లో ఏదైనా హోటల్ తీసుకుంటే అతిథులకు సుఖంగా ఉంటుందని కొందరన్నారు. కానీ ఇలాంటి సభల వల్ల గాల్లోకి పోయే పొగలో పెద్ద వాటా రాకపోకలదే, అందులోనూ విమానాలదే. విమానం టికెట్టు కొనిచ్చి, దిగాక చేతిలో జనపనార సంచీ పెడితే లెక్క సరిపోదు. రావాల్సినవాళ్ళు చాలామంది ఏలూరు, భీమవరం, మచిలీపట్నం, కాకినాడ వైపు వాళ్ళే. వాళ్ళందర్నీ రైల్లో హైదరాబాద్ రప్పించి, కొల్లేరు ఫొటోలు తెర మీద చూపించడం కంటే కొల్లేటి దగ్గరకే పోవడం నయమనిపించింది. అలా కైకలూరు ఖాయమైంది. రైల్వే స్టేషన్ ఉంది, కల్యాణ మండపం ఉంది, ఆటపాక పక్షుల కేంద్రం ఊరిని ఆనుకునే ఉంది. డిసెంబరు కాబట్టి ఏసీ అక్కర్లేదు, పైగా గూడబాతులు గూళ్ళ మీద ఉండే కాలం.

నేను ముందుగా బయల్దేరాను. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా చీకటే. స్టేషన్ బయట ఆటో అబ్బాయి, నేను చేపల మీటింగు కోసం వచ్చానని తెలిసి, "రేటు పెంచమని మీరైనా గట్టిగా అడగండి మేడం" అన్నాడు. వాళ్ళ బావకు చెరువుంది. ఆ ఊళ్ళో దాదాపు అందరికీ చెరువున్న బావో మామో ఉంటాడు. ఐసు ఫ్యాక్టరీ, మేత కొట్టు, ట్రేలు కడిగే షెడ్డు, కలకత్తా వైపు వెళ్ళే లారీలు. తెల్లారేలోపు రోడ్డు పక్కన అప్పుడే పట్టిన బొచ్చెలూ శీలావతులూ తూకానికి వచ్చేశాయి.

ఆ పొద్దున చేపల బేరానికని సరస్సు వైపు వెళ్ళాను. దారి పొడుగునా చెరువులే. ప్రతి చెరువులోనూ గెడలు పాతి, చిల్లులు పెట్టిన గోతాలు కట్టి ఉన్నాయి. గోతాంలో తవుడుంటుంది, చేప కిందనుంచి మూతితో పొడుచుకుని తింటుంది. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటు. చెరువుల మీద తీగలు లాగారు, కొన్నింటి మీద వలలు కప్పారు. అవి పక్షుల కోసం.

కొత్తవాళ్ళకు ఒక మాట చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చిపోసిన నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికలో చేరింది. అభయారణ్యంలో చేపల చెరువులు తవ్వకూడదు, సంప్రదాయంగా వేట చేసుకోవచ్చు. అప్పటికే తవ్వేసిన చెరువుల గట్లను 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో కొట్టేశారు. ఆ ముచ్చట ఎత్తితే ఇప్పటికీ కైకలూరు టీ కొట్లో గొంతులు పెరుగుతాయి. మా సభకు రెండు వర్గాల వాళ్ళూ రావడానికి ఒప్పుకోవడమే గొప్ప.

వేటగాళ్ళ పల్లెలో ఒక పెద్దాయన దోనెలోంచి మావులు దింపుతూ కనిపించాడు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన చేపల బుట్ట. లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. కింద పెట్టి కుదిపాడు. రెండు జెల్లలు, గుప్పెడు పరిగెలు, ఒక మట్టగిడస, మిగతావన్నీ తిలాపియాలు. తిలాపియాలను వేరే పోగేశాడు.

"వాటిని ఏం చేస్తారు బాబాయ్?" అన్నాను.

"ఏం చేస్తావమ్మా, వచ్చిన కాడికి అమ్ముకోడవే. ఇవొచ్చాక మా చేపలకి చోటెక్కడుంది."

సభలో ఏ చేప వండాలన్న నా చిక్కుముడి అక్కడ విడింది. చెరువు చేప వండితే ఎక్కడి చెరువుదని ఫారెస్ట్ వాళ్ళు అడుగుతారు. కొర్రమీను వండితే సరస్సులో మిగిలిన కాసినీ మనమే తినేస్తున్నామా అని పక్షులవాళ్ళు మూతి ముడుస్తారు. తిలాపియా ఆఫ్రికా చేప. 1952లో మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు తీసేద్దామన్నా పోదు. పిల్లల్ని నోట్లో పెట్టుకు కాపాడుకునే రకం, చూస్తుండగానే పెరిగిపోతుంది. దాన్ని తింటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, డబ్బులు మావు అల్లినాయన చేతికే పోతాయి.

వంట మేస్త్రికి మాత్రం పట్టరాని కోపం వచ్చింది. "పెద్ద పెద్ద ఆఫీసర్లొస్తన్నారని చెప్పి తిలాపియా వండమంటారేంటి మేడంగారూ! రేపు నన్నెవరైనా పెళ్ళికి పిలుస్తారా?" అన్నాడు. డబ్బు ఆదా కోసం అంటున్నాననుకున్నాడు. వేరే ఊరివాళ్ళకు చేపల ఊళ్ళో తక్కువరకం చేప పెట్టడం అతని దృష్టిలో పరువు తక్కువ. చివరికి ఒక్క పూటకి, అదీ పులుసు, చింతపండు తన ఇష్టప్రకారం అని రాజీకొచ్చాం. మిగతా పూటలు దోసకాయ పప్పు, గోంగూర, వంకాయ.

మన సభల్లో చెత్త పుట్టేది నిర్లక్ష్యం వల్లనుకుంటాం. నాకు కనిపించినంతవరకు మర్యాద వల్ల పుడుతుంది. వేదిక మీద ప్రతి కుర్చీ ముందూ చిన్న నీళ్ళ సీసా పెట్టడం మర్యాద. బొకే ఇవ్వడం మర్యాద. దాని చుట్టూ మెరిసే ప్లాస్టిక్ ఉండాలి, అది అతిథి చేతిలోంచి సహాయకుడి చేతిలోకి, అక్కణ్ణుంచి కుర్చీ కిందికి పోవాలి. శాలువా, దానిపైన మెమెంటో. గేటు దగ్గర వచ్చినవాళ్ళందరి మొహాలతో ఫ్లెక్సీ. ఇవన్నీ వద్దంటే ఖర్చు తగ్గిందని ఎవరూ సంతోషించరు, పిలిచి అవమానించారంటారు. ఒక పెద్ద ఆఫీసరు గారి పీఏ ఫోన్ చేసి, "సార్‌కి కనీసం బాటిల్ అయినా పెట్టండి, బాగోదు" అని బతిమాలాడు. రాగి చెంబులో పెడతామని చెప్పాను. రాగి అనేసరికి ఆయనకు నచ్చింది. ఆ తర్వాత వేదిక మీద అందరికీ రాగి చెంబులే, మండపం వాళ్ళ దగ్గర అద్దెకు దొరికాయి. కింద కూర్చున్నవాళ్ళకు ఇరవై లీటర్ల టిన్నులు, స్టీలు గ్లాసులు. గ్లాసులు కడగడానికి ఇద్దరు ఆడవాళ్ళను పెట్టాం. బఫేకి తెచ్చే పేపర్ ప్లేట్లకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోలేదు. పంక్తి భోజనాలు, అరటాకులు. తిన్న ఆకులు సాయంత్రానికి పక్కవీధి గేదెల ముందున్నాయి.

బ్యానరు కథ చెప్పకపోతే ఈ ప్రయాణం చెప్పినట్టే కాదు. ఫ్లెక్సీ వద్దు, గుడ్డ మీద రాయించాలని వెతికితే, బోర్డులు రాసే పెయింటరు ఒకాయన దొరికాడు. ఫ్లెక్సీలు వచ్చాక చేతిలో పని లేక లారీల వెనక అక్షరాలు రాసుకుంటున్నాడు. తెల్ల గుడ్డను మండపం గోడకు మేకులు కొట్టి లాగి కట్టాడు. సుద్దపొడి దారం పట్టుకుని గీతలు కొట్టాడు. స్కేలు ముట్టకుండా 'మత్స్య, వన్యప్రాణి నిపుణుల సదస్సు' అని ఒక్క ఊపులో రాసేశాడు. 'త్స్య' దగ్గర మాత్రం కాస్త ఆగి, నాలుక బయటపెట్టి, సన్న కుంచె తీసుకున్నాడు. పక్కన గూడబాతు బొమ్మ వెయ్యమన్నాను. ముక్కు మీద చుక్కలతో సహా వేశాడు, రోజూ చూసే పిట్టే కదా. తన సొంత తెలివితో దాని నోట్లో ఒక చేపను కూడా పెట్టాడు. చక్కటి పొలుసులతో, ఎర్రటి రెక్కలతో శీలావతి.

సాయంత్రం చూడ్డానికొచ్చిన చేపల రైతు ఒకాయన దాని ముందు నిలబడిపోయాడు. "మా చెరువులో చేపని దొంగిలించిన పిట్టని మీరు గేటు మీద కట్టి ఊరేగిస్తారా?" అన్నాడు. సగం వేళాకోళమే, రెండో సగం కాదు. పెయింటరు ఏమీ మాట్లాడకుండా రెక్కల ఎరుపు మీద బూడిదరంగు పూసి, ఒళ్ళు పొట్టి చేసి, వెనక్కి జరిగి చూసుకున్నాడు. "ఇప్పుడు తిలాపియా" అన్నాడు. రైతు పగలబడి నవ్వాడు.

సభ మొదలయ్యాక నాకు చెప్పుకోదగ్గ పని లేకుండాపోయింది. డెహ్రాడూన్ నుంచి మాట్లాడాల్సిన శాస్త్రవేత్త విమానంలో రానన్నారు, తెర మీద కనిపిస్తామన్నారు. నెట్టు రెండుసార్లు పోయింది. ఫరవాలేదు, ప్రత్యక్షంగా వచ్చినా కరెంటు పోయేది. కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లుల మీద పనిచేసే కుర్రాళ్ళు బాగా మాట్లాడారు. కోడి వ్యర్థాలను చెరువుల్లో మేతగా వెయ్యడం మీద మధ్యాహ్నం పెద్ద గొడవే జరిగింది. తప్పంటూనే, తవుడు రేటు చూశారా అని రైతులు తిప్పికొట్టారు. ఇలాంటి గొడవ జరగడానికే ఇంత దూరం వచ్చాం కాబట్టి నేను గంట కొట్టలేదు.

పులుసు గిన్నెలు మాత్రం తుడిచిపెట్టినట్టు ఖాళీ అయ్యాయి. అది తిలాపియా అని తిన్నాక చెప్పాం. మేస్త్రి తలుపు పక్కన నిలబడి మొహాలు చూస్తున్నాడు. ఒక ఫిషరీస్ జాయింట్ డైరెక్టరు గారు మూడోసారి వేయించుకున్నప్పుడు అతని మొహం చూడాల్సింది.

మర్నాడు పొద్దున్నే ఆటపాక. మైకులూ డప్పులూ పక్షుల దగ్గరకు రాకూడదనే సభను ఊళ్ళో పెట్టుకున్నాం, ఇక్కడికి మాత్రం చిన్న చిన్న జట్లుగా వచ్చాం. మంచు ఇంకా విడలేదు. కనపడక ముందే వినపడ్డాయి. పిల్లల అరుపులు, ముక్కులు టకటకలాడించే చప్పుడు, ఆపైన ముక్కుపుటాలు అదరగొట్టే రెట్టల వాసన. గూళ్ళకు చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. వాటి మీద అంతస్తులు అంతస్తులుగా పుల్లల గూళ్ళు. పడవ కుర్రాడు గెడ వేస్తూ, పడవ ఊగకుండా, ఒక స్టాండుకు కాస్త దూరంలో ఆపాడు. ఒక తల్లి వచ్చి వాలింది. పిల్ల దాని మీద పడి, తలా మెడా మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. లోపల ఏదో పెనుగులాట. తల్లి ఒళ్ళంతా కుదుపుకి ఊగుతోంది. పిల్ల తల బయటికి తీసేసరికి ముక్కు చివర వెండిరంగు తోక ఒకటి వేలాడుతోంది.

నా పక్కన కూర్చున్నది బ్యానరు ముందు ఆగిన ఆ రైతే. నలభై ఎకరాల చెరువులాయనది. పక్షుల కోసమే ఏడాది పొడుగునా టపాకాయలు కాల్పిస్తాడు. ఆ తోక వంక కళ్ళు చికిలించి చూసి, "కట్లా పిల్లండి, వంద గ్రాములుంటది" అన్నాడు. ముందు కూర్చున్న ఫారెస్ట్ రేంజరు వెనక్కి తిరిగి, "మీదేనా?" అన్నాడు. "సంతకం కనపడట్లేదండి" అన్నాడు ఈయన. ఆ తర్వాత ఒడ్డు దాకా వాళ్ళిద్దరూ వలల గురించే మాట్లాడుకున్నారు. ఏ కంతి వల కడితే పిట్ట కాలు చిక్కుకోదు, గాలికి ఎంత ఒదులుగా ఉంచాలి, దాని ఖరీదు ఎవరు పెట్టుకోవాలి. ఆఖరు ప్రశ్న దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. సభలో చదివిన పత్రాలన్నిటి కంటే ఆ పడవలో మాటలు నాకు ఎక్కువ గుర్తున్నాయి.

బయల్దేరేముందు చెత్త తూచమని మా కమిటీ చెప్పింది. తూచడానికి పెద్దగా ఏమీ లేదు. కాయితాలు, టీ వడపోసిన పొడి, ఎవరో బయటినుంచి తెచ్చుకుని కుర్చీ కింద వదిలేసిన నీళ్ళ సీసాలు. బ్యాడ్జీలు వెనక్కి తీసుకున్నాం. బ్యానరును పెయింటరే అడిగి తీసుకెళ్ళాడు, వెనకవైపు ఇంకా ఖాళీగానే ఉందట.

అసలు కష్టం హైదరాబాద్ వచ్చాక మొదలైంది. సభకు డబ్బిచ్చిన ఆఫీసు, ఆ పేరెందుకులెండి, ప్రతి ఖర్చుకూ జీఎస్టీ బిల్లు కావాలంది. నీళ్ళ సీసాలు కొని ఉంటే చిటికెలో వచ్చేది. ఫ్లెక్సీకి వచ్చేది, థర్మాకోల్‌కూ వచ్చేది. అరటాకులు కోసిచ్చినాయన, గ్లాసులు కడిగిన ఆడవాళ్ళు, మావుల పెద్దాయన, పెయింటరు, గెడ వేసిన కుర్రాడు, వీళ్ళెవరికీ జీఎస్టీ నంబరు లేదు. తెల్ల కాయితం మీద రాయించి, రెవెన్యూ స్టాంపు అంటించి, వేలిముద్రో సంతకమో పెట్టించి పంపాం. అకౌంట్స్‌లో కూర్చున్నాయన ఫోన్ చేసి, "తిలాపియాలు, తూకం లేదు, ఇన్ని బుట్టలు అని రాశారేంటండీ, బుట్ట అంటే ఎంత?" అని అడిగాడు. మావును కొలవడం ఎలాగో కనుక్కుందామని మళ్ళీ కైకలూరుకు ఫోన్ చేశాను. "ఎంత పడితే అంతేనమ్మా" అన్నాడు పెద్దాయన. ఆ వోచరు ఇంకా పాస్ కాలేదు.