బాత్‌రూమ్ తూములో నీళ్లు మెల్లగా దిగుతుంటే

భోగినాడు ఇంట్లో నలుగురైదుగురు వరసగా తలంట్లు పోసుకున్నాక బాత్‌రూమ్‌లో మడమలు మునిగేలా నీళ్లు నిలబడటం కోనసీమ ఇళ్లలో కొత్తేమీ కాదు. తూము పూడటానికి కావలసిన సరుకంతా ఆ ఒక్క పూటే లోపలికి వెళుతుంది. చలికి సీసాలో కొబ్బరినూనె ఎలా పేరుకుంటుందో గచ్చు కింద పైపులోనూ అలాగే పేరుకుంటుంది. దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే చాలు, అది గడ్డకడుతుంది. సున్నిపిండి నీళ్లలో ఉబ్బుతుంది. కుంకుడు పిప్పి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆగుతుంది. వీటన్నిటినీ పట్టి ఉంచే వల మాత్రం ఊడిన జుట్టే. తీరం వైపు ఊళ్లలో ఉప్పుబోరు వాడేవాళ్లకి ఇంకో బెడద ఉంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి, నీళ్లలో కరగని తెల్లటి మడ్డిగా మారి పైపు గోడకి పట్టేస్తాయి.

నీళ్లు నిలవగానే చాలామంది కొట్టుకెళ్లి యాసిడ్ సీసా తెస్తారు. డబ్బు దండగ. ఆ యాసిడ్ ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఉప్పు పొరని తింటుంది, టైల్స్ మధ్య సిమెంటుని తింటుంది, జుట్టు జోలికి మాత్రం పోదు. కాస్టిక్ సోడా ఉన్న పొడులు జుట్టునీ కొవ్వునీ కరిగించగలవు, కాదనను. కానీ నిలిచిన నీళ్లలో గుమ్మరిస్తే అడుక్కి దిగి రాయిలా గట్టిపడతాయి, పైగా విపరీతమైన వేడి పుట్టి పీవీసీ పైపు మెత్తబడుతుంది. తర్వాత చెయ్యి పెట్టేవాళ్ల చర్మం కాలుతుంది. అన్నిటికంటే ప్రమాదం, ఒకటి పనిచెయ్యలేదని ఇంకోటి పొయ్యడం. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. వంటసోడా, వెనిగర్ చిట్కా సంగతంటారా, నురగ చూడ్డానికి బాగుంటుంది, అంతే. అవి రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, జుట్టు అలాగే ఉంటుంది.

పొలానికి నీళ్లు పెట్టే తూముకీ, బాత్‌రూమ్ తూముకీ మనవైపు పేరు ఒకటే. ఎక్కడ పూడిందో చూడకుండా పార వెయ్యకూడదన్నది రెండు చోట్లా ఒకటే పద్ధతి. ముందు జాలీ ఎత్తి ఒక బకెట్ నీళ్లు పొయ్యండి. గబగబా దిగిపోతే దోషం జాలీదే. దాని చిల్లులకి సబ్బు మడ్డి పట్టి ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పని అయిపోతుంది. జాలీ తీసినా నిలబడితే, వాష్‌బేసిన్‌లోనూ రెండో బాత్‌రూమ్‌లోనూ నీళ్లు వదిలి చూడండి. అవి బాగా దిగుతుంటే అడ్డు ఈ తూములోనే ఉంది. అన్నీ మందగిస్తే అడ్డు ఇంటి బయట ఉంది. అప్పుడు లోపల ఎంత పొడిచినా లాభం లేదు.

జాలీ కింద ఉండేదాన్ని నహానీ ట్రాప్ అంటారు. ఎప్పుడూ సుమారు 2 అంగుళాల నీళ్లు నిలిచి ఉండి, మురుగు వాసననీ బొద్దింకలనీ పైకి రానివ్వకపోవడం దాని పని. కాబట్టి దాంట్లో నీళ్లు ఉండటం రోగం కాదు. కొన్ని జాలీలకి అడుగున బోర్లించిన గిన్నె లాంటి కప్పు ఉంటుంది. ఆ కప్పుకీ అంచుకీ మధ్య సందు వేలెడు కూడా ఉండదు, జుట్టు మొట్టమొదట చిక్కేది అక్కడే. విసుగెత్తి ఆ కప్పుని తీసి పారేసేవాళ్లున్నారు. కింద వేరే ట్రాప్ లేకపోతే మర్నాటి నుంచి ఇల్లంతా మురుగు కంపు.

ఇక పని. మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు, టార్చి, పాత మగ్గు, ఒక ప్లాస్టిక్ సంచి, రెండడుగుల 14 గేజి ఇనుప తీగ చాలు. తీగ చివర ఒక సెంటీమీటరు మేర కొక్కెంలా వంచండి. జాలీని తెల్లసిమెంటుతో బిగించి ఉంటే చుట్టూ చాకుతో గీసి, స్క్రూడ్రైవర్‌తో ఒక మూల నుంచి మెల్లగా లేపండి. ఒక్కసారిగా ఎత్తితే టైల్ అంచు పగులుతుంది. ట్రాప్‌లో నీళ్లు మగ్గుతో తోడేసి టార్చి వేసి చూడండి. 4 అంగుళాల ట్రాప్ అయితే చెయ్యి లోపలికి పడుతుంది. జుట్టు ఉండలు, అరిగిన సబ్బు ముక్కలు, బీరపీచు పోగులు, చింపిన షాంపూ ప్యాకెట్ల మూలలు చేతికే వస్తాయి. ఆ ప్యాకెట్ మూలలు చూడ్డానికి గోరంతే ఉంటాయి కానీ, అడ్డంగా నిలబడి మిగతా చెత్తనంతా ఆపేది అవే.

తర్వాత తీగ. ట్రాప్‌లోంచి పైపు ఏ గోడ వైపు వెళుతుందో చూసి కొక్కేన్ని అటు పంపి, తిప్పుతూ బయటికి లాగండి. తొయ్యొద్దు, లాగండి. తోస్తే ఉండ మూడడుగులు ముందుకెళ్లి మలుపులో కూర్చుంటుంది, అప్పుడు తీగ అందదు. కొబ్బరి ఈనెలతో పొడిచే అలవాటు కూడా మానుకోవాలి. అవి లోపల విరిగి కొత్త అడ్డుగా తయారవుతాయి.

తీగకి అందనిదానికి రబ్బరు పంపు, అంటే కర్ర చివర రబ్బరు గిన్నె ఉండేది. వాష్‌బేసిన్ గొట్టం కూడా ఇదే ట్రాప్‌లోకి వస్తుంటే ముందు బేసిన్ రంధ్రాన్ని తడిగుడ్డ కుక్కి మూసెయ్యాలి, లేదంటే ఒత్తిడంతా అటే పోతుంది. పంపు గిన్నె మునిగేలా నీళ్లుండాలి. మొదటిసారి మెల్లగా నొక్కి లోపలి గాలి పోనిచ్చి, తర్వాత ఆపకుండా ఇరవైసార్లు కొట్టండి. నొక్కడం కంటే పైకి లాగడమే పని చేసేది. దానికీ రాకపోతే 5 మీటర్ల డ్రెయిన్ స్ప్రింగ్, అంటే పిడితో తిప్పే పొడవాటి స్ప్రింగు తీగ, పంపాలి. అడ్డు తగిలిన చోట బలంగా నెట్టకుండా పిడిని ఒకే దిక్కుకి తిప్పుతూ ఉంటే మొన జుట్టులోకి చుట్టుకుంటుంది. వెనక్కి తీసేటప్పుడు తొందరపడొద్దు, ఉండ జారిపోతుంది.

అడ్డు వచ్చేశాక గోడకి పట్టిన జిడ్డు మిగులుతుంది. 5 లీటర్ల వేడి నీళ్లలో 100 గ్రాముల బట్టల సోడా, అదే వాషింగ్ సోడా, కరిగించి నిదానంగా పొయ్యండి. మరుగుతున్న నీళ్లు వద్దు, పీవీసీ తట్టుకోదు. పొయ్యి మీంచి దించిన నీళ్లలో సగానికి సగం చన్నీళ్లు కలిపితే సరి. అరగంట ఆగి రెండు బకెట్ల మామూలు నీళ్లు ఒకేసారి గుమ్మరించండి. జాలీని మళ్లీ సిమెంటుతో బిగించకండి. అంచు ఆరబెట్టి సన్నగా సిలికాన్ పెట్టి, 24 గంటలు తడవకుండా చూస్తే గట్టిగా పట్టుకుంటుంది. మళ్లీ తియ్యాల్సి వచ్చినప్పుడు చాకుతో ఒక గీత చాలు.

టబ్బు పెట్టించుకున్న ఇళ్లలోనూ వరస ఇదే, రెండే తేడాలు. అడుగున ఉండే మూతని ముందు తిప్పి గాని పైకి లాగి గాని తియ్యాలి, సగం జుట్టు దాని కాడకే చుట్టుకుని ఉంటుంది. పంపు కొట్టేముందు టబ్బు గోడకి పైన ఉండే పొర్లు రంధ్రాన్ని తడిగుడ్డతో మూసెయ్యాలి. ఆ ఒక్కటీ మరిచిపోయి పంపు పనికిరాదని తేల్చేస్తారు.

ఇప్పుడు ఇంట్లో తూములన్నీ మందగించిన సంగతి. డెల్టాలో దీన్ని వేరుగా చూడాలి. ఇంటి బయట మురుగు పైపులు వచ్చి కలిసే చిన్న గుంతని ఛాంబర్ అంటారు. దాని మూత తీసి చూడండి. ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య అడ్డు ఉన్నట్టు. స్ప్రింగ్‌ని ఛాంబర్ వైపు నుంచి ఇంటి వైపుకి పంపడం తేలిక. పైపు మూతి మునిగేలా నిండి ఉంటే అడ్డు ఇంకా ముందుంది, లేదా అసలు అడ్డే లేదు. వానాకాలంలో కాలువలు నిండుగా పారుతూ, సార్వా చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు భూమిలో నీటిమట్టం చాలా పైకొస్తుంది. ఇంకుడు గుంత వరలు బయటి నీళ్లతోనే నిండిపోతాయి. బంకమన్ను నేలైతే మామూలు రోజుల్లోనే సరిగ్గా ఇంకదు. సెప్టిక్ ట్యాంకులోంచి నీళ్లు పోవడానికి చోటు లేక వెనక్కి తన్నుతాయి. ఆ రోజుల్లో వాషింగ్ మెషీన్ నీళ్లని కొబ్బరిచెట్ల మొదళ్లకి మళ్లించుకోవడం తప్ప పెద్దగా చేసేదేమీ ఉండదు. గుంత బాగుచేయించాలంటే అదను వేసవిలో, దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేశాక. అప్పుడు మట్టం దిగుతుంది, వరలు దించడానికి వీలుగా ఉంటుంది. ట్యాంకులోకి మనిషిని మాత్రం దింపకండి. లోపలి విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి, మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అలా దింపడం నేరం కూడా. పీల్చే ట్యాంకర్‌నే పిలవాలి.

పైపులో అడ్డు లేదు, ఛాంబర్ ఖాళీగా ఉంది, అయినా నెల తిరక్కుండా మళ్లీ పూడుతోంది అంటే కట్టుబడిలో లోపం. పైపుకి వాలు లేకపోవచ్చు. 10 అడుగులకి 3 అంగుళాల వాలు ఉండాలి. లేదా టైల్స్ వేసేటప్పుడు పడిన సిమెంటు పాలు ట్రాప్ అడుగున గట్టిపడి ఉంటాయి. గరుకుగా చేతికి తగులుతుంది. దాన్ని సుత్తి, ఉలితో కొడితే ట్రాప్ పగిలి, నీళ్లు గోడలోకి దిగుతాయి. అడుగు చదరం టైల్ తీయించి ట్రాప్ మార్చుకోవడమే మేలు. పాత పైపుని తిన్నగా కోసి, అంచు గరుకు గీకి, పొడిగుడ్డతో తుడిచి, పైపుకీ, అది దూరే సాకెట్‌కీ రెండింటికీ సాల్వెంట్, అంటే పీవీసీ జిగురు, పూసి, కొద్దిగా తిప్పుతూ నెట్టి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఒక రాత్రి ఆరనిచ్చి, చుట్టూ సందులు మూయించి వాటర్‌ప్రూఫింగ్ పూయించండి. అదీ ఆరాక ట్రాప్ మూతి గుడ్డతో బిగించి గచ్చు మీద అంగుళం నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి మర్నాడు చూడండి. మట్టం గీత దగ్గరే ఉందని తేలేదాకా మేస్త్రీని టైల్ వెయ్యనివ్వకండి.