శనివారం సాయంత్రం డాడ్స్ ఆర్మీ

బ్రిటన్‌లో వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేసేవాళ్లకు టీవీ కూడా డ్యూటీలో భాగమే. రాత్రి భోజనాలు అయ్యాక, మాత్రలు ఇచ్చి ఒక్కొక్కరినీ పడక చేర్చే లోపు, హాల్లో అందరూ కుదురుగా కూర్చోవాలంటే తెర మీద వాళ్లకు నచ్చేది నడుస్తూ ఉండాలి. వార్తలు పెడితే కంగారు పడతారు. వంటల కార్యక్రమం పెడితే ఇప్పుడే తిన్న సంగతి మరిచి ఆకలంటారు. శనివారాల్లో ఆ బెంగ ఉండదు. బీబీసీ టూలో 'డాడ్స్ ఆర్మీ' అనే హాస్య సీరియల్ పాత ఎపిసోడ్లు వస్తాయి.

మొదట్లో నాకు అందులో ఏముందో తెలియలేదు. 1968 నుంచి 1977 వరకు తీసిన 80 ఎపిసోడ్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, సైన్యానికి పనికిరాని ముసలివాళ్లూ కుర్రవాళ్లూ కలిసి తీరప్రాంత ఊరిని కాపలా కాసే హోమ్ గార్డు దళం కథ. బ్యాంకు మేనేజరు మెయిన్‌వేరింగ్ దళానికి కెప్టెన్. ఆయన కింద గుమాస్తాగా పనిచేసే విల్సన్ అక్కడా ఆయన కింద సార్జెంటే. కానీ పుట్టుకలో, చదువులో విల్సనే పై మెట్టు. ఆ సంగతి మెయిన్‌వేరింగ్‌ను లోలోపల తొలుస్తూ ఉంటుంది. పై అధికారి గొంతు పెంచితే కింది మనిషి నెమ్మదిగా "అలా చేయడం మంచిదంటారా, సర్?" అని అడగడం చూశాక, మా మేనేజరుతో ఇక్కడివాళ్లు ఎలా విభేదిస్తారో నాకు అర్థమైంది. ఏ శిక్షణ తరగతిలోనూ అది చెప్పలేదు.

మా హాల్లో అందరికీ ఇష్టమైన ఘట్టం 1973 నాటిది. పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి కెప్టెన్, తనను అవమానించినవాళ్ల పేర్లన్నీ యుద్ధం అయ్యాక లెక్క తేల్చడానికి రాసుకుంటుంటాడు. కుర్రవాడు పైక్ హిట్లర్ మీద వెక్కిరింపు పాట అందుకుంటాడు. "నీ పేరూ జాబితాలోకి ఎక్కుతుంది, ఏమిటి నీ పేరు?" అంటాడు జర్మన్. మెయిన్‌వేరింగ్ వెంటనే అరుస్తాడు: "వాడికి చెప్పకు, పైక్!" మధ్యాహ్నం ఎవరు వచ్చి వెళ్లారో గుర్తులేని ఒక పెద్దావిడ, ఆ మాట రావడానికి క్షణం ముందే నవ్వడం మొదలుపెడుతుంది.

ఆ పైక్ పాత్రకు మూలం ఎవరో కాదు, సీరియల్ రచయిత జిమ్మీ పెర్రీయే. పదహారేళ్ల వయసులో వాట్‌ఫర్డ్ హోమ్ గార్డులో చేరాడు. రాత్రిపూట బయట తిరిగితే వాళ్ల అమ్మకు బెంగ. ఆ జ్ఞాపకాలనే డేవిడ్ క్రాఫ్ట్‌తో కలిసి సీరియల్‌గా మలిచాడు. ముసలి గాడ్‌ఫ్రేగా వేసిన ఆర్నాల్డ్ రిడ్లీ సంగతి ఇంకా గొప్పది. మాటిమాటికీ మూత్రానికి వెళ్లొస్తానని వినయంగా అనుమతి అడిగే పాత్ర అది. మా వాళ్లు నవ్వేది అందుకే, పూటకు పదిసార్లు మమ్మల్ని వాళ్లు అడిగేదీ అదే కదా! 1969లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో తాను ఆయుధం పట్టడానికి నిరాకరించానని గాడ్‌ఫ్రే ఒప్పుకుంటాడు. దళమంతా ఆయన్ని వెలివేసినట్టు చూస్తుంది. తర్వాత తెలుస్తుంది, ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధభూమిలో క్షతగాత్రులను మోసి పతకం పొందినవాడని. అసలు రిడ్లీ 1916లో అదే సోమ్‌లో నిజంగా పోరాడి గాయపడ్డ సైనికుడు. యుద్ధంలో చెయ్యి పాడైన మనిషి, యుద్ధం చేయనన్న మనిషిని అంత మర్యాదగా నటించాడు. ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు నేను మాత్రల ట్రే పక్కన పెట్టి నిలబడి చూస్తాను.

అయితే సొంత అనుభవం ఉన్నంత మాత్రాన అన్నీ సరిగ్గా కనిపించవు. పెర్రీ యుద్ధ సమయంలో మన దేశంలోనూ ఉన్నాడు. నాసిక్ దగ్గరి దేవలాలీలో సైనికుల వినోద బృందంలో పనిచేశాడు. దాన్నీ క్రాఫ్ట్‌తో కలిసి 1974లో 'ఇట్ ఐన్ట్ హాఫ్ హాట్ మమ్' అని సీరియల్ చేశాడు. నేను భారతీయురాలినని తెలిసి ఒక తాతగారు "నువ్వు దేవలాలీ పిల్లవా?" అని అడిగితేనే నాకు దాని పేరు తెలిసింది. మాది ఒంగోలు అంటే ఆయన నిరాశపడ్డారు! అందులో ముఖ్యమైన భారతీయ పాత్రను మైకేల్ బేట్స్ ముఖానికి గోధుమరంగు పూసుకుని వేశాడు. ఆయన పుట్టింది ఝాన్సీలోనే, హిందీ వచ్చు, అయినా ఆ రంగు చూస్తే నాకు నవ్వు రాదు. బీబీసీ దాన్ని మళ్లీ వేయకపోవడం నాకేమీ బాధగా లేదు. బ్రిటిష్ సిపాయిల బాధలు పెర్రీకి లోపలి నుంచి తెలుసు. వాళ్లకు పంకా లాగే భారతీయుడు మాత్రం ఆయనకు పంకా లాగేవాడిగానే కనిపించాడు.

నా పనికి దగ్గరగా వచ్చినది 'గెటింగ్ ఆన్'. వృద్ధుల వార్డు కథ, 2009లో బీబీసీ ఫోర్‌లో మొదలైంది. జో బ్రాండ్, జొఆనా స్కాన్‌లన్, విక్కీ పెప్పర్‌డైన్ ముగ్గురూ కలిసి రాసి, వాళ్లే నటించారు. హాస్యనటి కాకముందు జో బ్రాండ్ ఏళ్ల తరబడి మానసిక వైద్యశాలలో నర్సు. అది ప్రతి ఫ్రేములో తెలుస్తుంది. మొదటి ఎపిసోడ్‌లోనే కుర్చీ మీద మలం కనిపిస్తుంది. తుడిచేస్తే పోయేదానికి, ఫారం నింపాలని ఒకరు, పరిశోధనకు కావాలని ఇంకొకరు. వెనకాల నవ్వుల రికార్డింగ్ ఉండదు, సంగీతం ఉండదు. ఫారం కోసం వెతికే సిస్టర్ ముఖం మాత్రం ఉంటుంది. బ్రేక్ రూములో కేరళ అమ్మాయీ, జింబాబ్వే ఆవిడా, నేనూ ఫోనులో చూసి, చప్పుడు బయటకు రాకుండా నోరు నొక్కుకున్నాం. దాన్ని హాల్లో పెట్టలేం, పెట్టకూడదు కూడా.

ఒక్కటే ఫిర్యాదు. మన దగ్గర సీరియల్ అంటే మనవలు పెళ్లీడుకు వచ్చేదాకా సాగుతుంది. ఇక్కడ చాలావాటికి ఒక సిరీస్‌లో ఆరు ఎపిసోడ్లే రాసి ఆపేస్తారు. 'గెటింగ్ ఆన్' మొదటి సిరీస్ అయితే మరీ అన్యాయం, మొత్తం మూడే.