కటి ఎముకలు విరిగినవారికి మూత్రపు పైపు వేసే ముందు

రోడ్డు ప్రమాదంలో కటి ఎముకలు విరిగిన మనిషిని క్యాజువాలిటీకి తెచ్చినప్పుడు అందరి దృష్టీ బీపీ మీద, రక్తస్రావం మీద, విరిగిన ఎముకల మీద ఉంటుంది. ఉండవలసింది కూడా అక్కడే. ఆ హడావిడిలోనే, సెలైన్ ఎక్కించిన చేత్తో, దాదాపు అలవాటుగా ఒక మాట వినిపిస్తుంది: "యూరిన్ పైపు వేసేయండి." యూరాలజిస్టుగా నా దగ్గరకు నెలల తరువాత వచ్చే కొందరు యువకుల కష్టానికి మూలం వెతుకుతూ వెనక్కి వెళితే చాలాసార్లు ఈ మాట దగ్గరే ఆగవలసి వస్తోంది. అందుకే ఆ ఒక్క పని గురించే వివరంగా రాస్తున్నాను.

మగవారి మూత్రనాళం సుమారు 20 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మూత్రాశయం నుంచి బయలుదేరి, ప్రోస్టేట్ గ్రంథి మధ్యగా దిగి, కటి అడుగుభాగంలోని కండరాల పొరను దాటి బయటి భాగంలోకి వస్తుంది. ప్రోస్టేటును ముందువైపు ఎముకకు కొన్ని స్నాయువులు కట్టి ఉంచుతాయి. లారీ ఢీకొని గానీ, ట్రాక్టరు తిరగబడి మీద పడి గానీ కటి వలయం విరిగి ఎముకలు పక్కకు జరిగితే, ప్రోస్టేటు, మూత్రాశయం ఎముకలతో పాటు ఒకవైపు లాగబడతాయి, కింది నాళం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ లాగుడుకు నాళం కండరాల పొర దగ్గర కొంత చిరుగుతుంది, లేదా పూర్తిగా తెగి రెండు కొనలూ దూరమవుతాయి. ఆడవారి మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి వారిలో ఈ గాయం అరుదు. కానీ జరిగినప్పుడు యోనిమార్గం కూడా చిరిగి ఉండే అవకాశం ఎక్కువ కనుక ఆ పరీక్షను మొహమాటంతో వదిలేయకూడదు.

పైపు చేతిలోకి తీసుకునే ముందు చేయవలసిన పనికి అర నిమిషం చాలు. మంచి వెలుతురులో మూత్రద్వారాన్ని చూడాలి. అక్కడ ఒక్క రక్తపు చుక్క ఉన్నా, బట్టకు రక్తపు మరక అంటి ఉన్నా, నాళం దెబ్బతిన్నదనే అనుకుని ముందుకు సాగాలి. రోగికి మూత్రం వస్తున్నట్టు ఉండి రాకపోవడం, పొత్తికడుపు ఉబ్బి గట్టిగా తగలడం, వృషణాల కింద నల్లగా కమలడం కూడా ఇదే సంగతి చెబుతాయి. మలద్వారం ద్వారా వేలితో పరీక్షిస్తే ప్రోస్టేటు పైకి జరిగినట్టు తెలుస్తుందని మాకు చదువులో నేర్పారు గాని, రక్తం గడ్డకట్టి ఉబ్బిన చోట ఆ గుర్తును నమ్మడానికి లేదు. ఆ పరీక్ష పెద్దపేగు చివరి భాగం చిరిగిందేమో తెలుసుకోవడానికి మాత్రం తప్పనిసరి.

ఈ గుర్తులు ఉన్నా బలవంతంగా పైపు తోస్తే, సగం చిరిగిన నాళం పూర్తిగా తెగవచ్చు, చుట్టూ పేరుకున్న రక్తంలోకి క్రిములు చేరవచ్చు, మూత్రాశయం చేరని పైపు బెలూనును నాళంలోనే ఉబ్బించి కొత్త గాయం చేయవచ్చు. అనుభవం ఉన్నవారు ఒక్కసారి మెత్తగా ప్రయత్నించవచ్చని కొన్ని మార్గదర్శకాలు అనుమతిస్తాయి. మన జిల్లా ఆసుపత్రుల్లో రాత్రి రెండు గంటలకు ఆ అనుభవం ఉన్న చేయి దొరకడం అరుదు కనుక, రక్తం కనిపిస్తే ఫిల్మ్ తీసేదాకా పైపు ముట్టవద్దనే నేను చెబుతాను.

ఆ ఫిల్మ్ పేరు ఆర్‌జీయూ (రెట్రోగ్రేడ్ యురెత్రోగ్రామ్). చిన్న పైపు కొనను మూత్రద్వారంలోకి కొద్దిగా మాత్రమే పెట్టి, బెలూనులో ఒకటి రెండు మిల్లీలీటర్ల నీరు నింపి నిలబెట్టి, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే కాంట్రాస్టు మందును 20 నుంచి 30 మిల్లీలీటర్లు నెమ్మదిగా ఎక్కిస్తూ ఎక్స్‌రే తీస్తారు. మామూలుగా రోగిని పక్కకు వాల్చి తీస్తారు గాని, కటి ఎముకలు కదులుతున్న మనిషిని కదపకుండా ఎక్స్‌రే ట్యూబునే వాల్చాలి. నాళం బాగుంటే మందు సన్నని తెల్లని గీతగా మూత్రాశయం దాకా వెళుతుంది. కొంత చిరిగి ఉంటే ఒకచోట పక్కకు చిమ్మినట్టు కనిపించి, ఇంకొంత పైకి చేరుతుంది. పూర్తిగా తెగితే గీత ఒకచోట ఆగి అక్కడే మబ్బులా పరుచుకుంటుంది, పైన ఏమీ కనిపించదు. రోగి రక్తస్రావంతో ప్రమాదంలో ఉంటే ఈ ఫిల్మ్ కోసం ఆగకూడదు; నేరుగా పొత్తికడుపు నుంచి మూత్రాశయంలోకి పైపు వేయాలి.

మేము ఎస్‌పీసీ అని పిలిచే ఆ పైపు వేయడం పెద్ద ఆపరేషన్ కాదు. స్కానింగులో మూత్రాశయం నిండి ఉందని చూసుకుని, బొడ్డు కింద నడిమి గీతలో, కటి ముందువైపు ఎముకకు సుమారు రెండు వేళ్ల పైన వేస్తారు. అయినా బంధువులు భయపడతారు. "అయ్యా, కింద దారి ఉండగా పొట్టకు బొక్క పెట్టడమేంటయ్యా?" అని ఒక తల్లి నన్ను అడిగింది. "కింద దారి తెగిపోయిందమ్మా, మాని మళ్లీ కలిపేదాకా ఇదే దారి" అని ఫిల్మ్ చూపించాను. అడిగినవారికి ఫిల్మ్ చూపించి చెప్పడం మా బాధ్యత.

ఇదే ప్రమాదంలో మూత్రాశయం కూడా పగిలి ఉండవచ్చు కనుక, ఏ పైపు వేసినా దాని ద్వారా కనీసం 300 మిల్లీలీటర్ల కాంట్రాస్టు మందు నింపి చూడాలి. పేగులను చుట్టి ఉండే పొట్ట పొరకు బయట చిరిగితే చాలావరకు పైపు ఉంచితేనే మానుతుంది. పొరలోపలికి పగిలితే మూత్రం పేగుల మధ్యకు చేరుతుంది కాబట్టి పొట్ట తెరిచి కుట్టాలి.

ఇక మూడు నెలల నిరీక్షణ. కొన్ని రోజుల్లో రోగి కోలుకుంటే ఎండోస్కోపుతో రెండు కొనలను ఒకే పైపు మీదికి తెచ్చే ప్రయత్నం చేయవచ్చు. సులువుగా కుదరకపోతే అక్కడితో ఆపాలి; కుదిరినా చాలామందిలో తరువాత నాళం సన్నబడుతుంది. అలా కుదరనివారికి రక్తపు గడ్డ కరిగి, మచ్చ గట్టిపడి, ప్రోస్టేటు కిందికి దిగడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఈలోగా సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నీళ్లు బాగా తాగాలి, పైపును చెప్పిన గడువులో మార్పించుకోవాలి. మార్చని పైపు చుట్టూ రాళ్లు పేరుకుంటాయి.

తరువాత పై నుంచి, కింద నుంచి ఒకేసారి మందు ఎక్కించి రెండు కొనల మధ్య దూరం చూస్తాం. వృషణాల వెనుక కోసి, మచ్చను పూర్తిగా తీసేసి, ఆరోగ్యమైన రెండు కొనలను లాగుడు లేకుండా కుట్టడమే యురెత్రోప్లాస్టీ. దూరం ఎక్కువైతే ముందువైపు ఎముక అడుగు నుంచి కొంత తొలిచి దారి తగ్గించవలసి వస్తుంది. అనుభవజ్ఞుల చేతిలో పదిమందిలో తొమ్మిదిమంది వరకు మళ్లీ మామూలుగా మూత్రం పోయగలుగుతారు. అయితే అది మొదటి ఆపరేషన్ సంగతి. ఒకసారి విఫలమై వచ్చినవారికి మిగిలిన నాళం తక్కువ, మచ్చ ఎక్కువ, పని చాలా కష్టం. అందుకే తొలి ఆపరేషన్‌నే ఇవి తరచూ చేసేవారి దగ్గర చేయించుకోమని, అవసరమైతే దూరం వెళ్లమని చెబుతాను. మూసుకుపోయిన చోటును ఎండోస్కోపుతో ఏటేటా కోయించుకుంటూ గడపడం వైద్యం అనిపించుకోదు. యురెత్రోప్లాస్టీ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది కనుక డబ్బు లేదని వాయిదా వేయవలసిన పని కాదు.

ఎముకలు విరగకుండానే నాళం దెబ్బతినే దారి ఇంకొకటి ఉంది. సైకిలు కడ్డీ మీదో, దూలం మీదో, మ్యాన్‌హోలు అంచు మీదో కాళ్లు చెరోవైపు ఉండేలా పడితే నాళం ఎముకకు, ఆ వస్తువుకు మధ్య నలుగుతుంది. ఆ రోజు కొంచెం రక్తం కనిపించి తగ్గిపోతుంది; ఏళ్ల తరువాత ధార సన్నబడి, ముక్కవలసి వస్తుంది. మూత్రధార వేగం కొలిచే యూరోఫ్లో యంత్రం మీద పోయిస్తే సెకనుకు 15 మిల్లీలీటర్లకు పైగా రావలసిన ధార 10 దాటదు, యంత్రం గీసే గీత కొండలా లేవకుండా బల్లపరుపుగా సాగుతుంది. నాళం చాలా దూరం సన్నబడినవారికి బుగ్గ లోపలి పొరను తీసి అతుకు వేస్తాం. గుట్కా నమిలి నోరు బిగుసుకుపోయినవారిలో ఆ పొర పనికిరాదన్న సంగతి యువకులు ముందే తెలుసుకుంటే మంచిది.

ఇంకొక విషయాన్ని రోగులు అడగరు, మేము చాలాసార్లు చెప్పం. కటి ఎముకలు విరిగిన దెబ్బకే అంగస్తంభన నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చు. కొందరిలో అది రెండేళ్ల వరకు మెల్లగా కోలుకుంటుంది, కొందరికి మాత్రలు పనిచేస్తాయి, మరికొందరికి ఇంకా వైద్యం కావాలి. ఆపరేషన్‌కు ముందే ఈ ప్రశ్న వేసి, జవాబు కాగితం మీద రాయాలి. లేకపోతే ప్రమాదం చేసిన నష్టాన్ని ఆపరేషన్ చేసిందనుకుని ఆ కుర్రవాడు, అతని భార్య మనసులోనే నలిగిపోతారు.

జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే మిత్రులకు ఒక విన్నపం. ఇలాంటి రోగిని పెద్ద ఆసుపత్రికి పంపేటప్పుడు రిఫరల్ కాగితంలో మూత్రద్వారం దగ్గర రక్తం ఉందో లేదో, పైపు ప్రయత్నించారో లేదో, ప్రయత్నిస్తే ఎన్నిసార్లో, ఎస్‌పీసీ ఏ తేదీన వేశారో రాయండి. తీసిన ఫిల్మ్‌ను రోగి చేతికే ఇచ్చి పంపండి. మూడు నెలల తరువాత కత్తి పట్టుకునేవారికి ఆ నాలుగు వాక్యాలు ఎంతో అవసరం.