ఇసుకలో దాక్కునే బాంజో చేపతో నా అనుభవం

మా ఇంటికొచ్చే చుట్టాలు ట్యాంకు ముందు నిలబడి టెట్రాలు చూస్తారు, గౌరామీలు చూస్తారు, పిల్లలైతే అడుగున తిరిగే చిన్న చేపలు కోరీలు మూతి ఇసుకలో పెట్టి వెతుక్కోవడం చూసి కేకలేస్తారు. అదే ట్యాంకులో ఇంకో చేప కూడా ఉందని, మీ ఎదురుగానే పడుకుని ఉందని చెబితే మాత్రం ఎవరూ నమ్మరు. దాని పేరు బాంజో క్యాట్‌ఫిష్, మీసాల చేపల్లో ఒక రకం. గుంటూరులో దీన్ని పెంచేవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు, అందుకే తెచ్చుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని నేను పడ్డ తిప్పలన్నీ రాస్తున్నాను.

ఇది దక్షిణ అమెరికా చేప. అమెజాన్ వైపు నిదానంగా పారే వాగుల్లో, అడుగున కుళ్లిన ఆకుల మధ్య బతుకుతుంది. తల వెడల్పుగా అణిగిపోయి, తోక సన్నగా పొడుగ్గా ఉంటుంది, పైనుంచి చూస్తే గుండ్రటి డోలుకి పొడుగాటి కాడ ఉండే బాంజో అనే తీగల వాయిద్యంలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. పొలుసులుండవు, ఒళ్లంతా చిన్న చిన్న బొడిపెలు. బాగా పెరిగితే నాలుగైదు అంగుళాలు. పగలు ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది, బయటికి తీసినా చచ్చినదానిలా బిగుసుకుపోతుంది గానీ పారిపోదు. ఎండుటాకు అనుకుని శత్రువు వదిలేస్తుందని దాని ఎత్తు.

2023 నవంబర్‌లో చెన్నై వెళ్లినప్పుడు కొళత్తూరులో రెండు కొన్నాను. రంగు చేపల వ్యాపారానికి అది పెద్ద అడ్డా, ఒక్క వీధి తిరిగితే పూట గడిచిపోతుంది. ఒక షాపులో తొట్టి అడుగున ఇవి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, ఒక్కోటి రెండున్నర అంగుళాలుంటుందేమో. ఏం వేయాలని అడిగితే, మిగతా చేపలు వదిలేసింది అడుగున ఏరుకుని తింటాయి, విడిగా ఏమీ వేయక్కర్లేదు అన్నారు. ఆ మాట నమ్మడమే నేను చేసిన పెద్ద తప్పు.

థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని రాత్రి రైల్లో తెచ్చాను. ఇంట్లో లైట్లు ఆపేసి, మా ట్యాంకు నీళ్లు సన్నటి ట్యూబుతో చుక్క చుక్కగా వదులుతూ గంటన్నర అలవాటు చేశాను. అంతవరకు బాగానే ఉంది. వలతో ఎత్తబోతే ఒకదాని రెక్క ముల్లు వలలో ఇరుక్కుపోయింది. ఆ ముల్లు రంపం పళ్లలా ఉంటుంది, లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. చివరికి గోళ్లు కత్తిరించే చిన్న కత్తెరతో వల దారాలు ఒక్కొక్కటీ తెంపి విడిపించాను, అది నా అరచేతిలో కదలకుండా పడి ఉంటే ప్రాణం పోయిందేమో అనుకుని చేతులు వణికాయి. ఆ రోజు నుంచి ఈ చేపను పట్టాలంటే నేను ప్లాస్టిక్ మగ్గే వాడతాను.

మాది మూడడుగుల ట్యాంకు, దాదాపు 190 లీటర్లు. అప్పట్లో అడుగున రంగు రాళ్లుండేవి. వాటిలో దూరలేక రెండూ ఫిల్టర్ వెనక గోడకు అతుక్కుని కూర్చున్నాయి. వాటి పొట్ట గీసుకుపోతుందని భయమేసి ఇసుక మార్చాలనుకున్నాను. మా సందులో ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి రెండు బకెట్ల ఏటి ఇసుక తెచ్చాను. జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను, పద్నాలుగు సార్లు నీళ్లు పారబోశాక గానీ బురద పోలేదు. పిడికెడు ఇసుక మీద నిమ్మకాయ పిండి చూశాను కూడా. బుస్సున పొంగితే అందులో గుల్లలు, సున్నపురాయి ఉన్నట్టు, నీళ్ల గట్టిదనం పెరుగుతుంది. పొంగలేదు. రాళ్లన్నీ ఒకేసారి తీయకుండా వారానికి సగం చొప్పున మార్చాను, వాటి మీద ఉండే మంచి బ్యాక్టీరియా ఒక్కసారిగా పోతే నీళ్లు పాడై మిగతా చేపలు కూడా పోతాయి.

ఇసుక పడ్డ రాత్రే రెండూ మాయమయ్యాయి. హాయిగా ఉన్నాయిలే అనుకున్నాను.

ఐదో వారం ఒకటి చచ్చిపోయింది. ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. తీసి చూస్తే ఒంటి మీద పుండు లేదు, మచ్చ లేదు, పొట్ట మాత్రం గరిటె గుంటలా లోపలికి పోయి ఉంది. జబ్బు కాదు, ఆకలి. నేను రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకెళ్లే ముందు మేత వేసేదాన్ని, టెట్రాలు పైనే సగం తినేసేవి, జారిన నాలుగు గుళికల్ని కోరీలు నిమిషంలో ఊడ్చేసేవి. రెండు ప్రాణాలు మెల్లగా ఎండిపోతుంటే నేను రోజూ ఆ అద్దం ముందే కూర్చుని కాఫీ తాగాను. ఇప్పుడు తలుచుకున్నా గుండె కలుక్కుమంటుంది.

దారి చూపించింది మా నాన్న. ఆయనది తెనాలి దగ్గర పల్లె, చిన్నప్పుడంతా కాలవ గట్టునే. చచ్చిన చేపను చూసి, "అమ్మాయ్, ఇది మన మార్పు చేపలాంటిదేనే. మేం మార్పులు పట్టాలంటే చీకటి పడ్డాకే గాలం వేసేవాళ్లం. ఇలాంటి మీసాల చేప పగలు మేతకు రాదమ్మా, నువ్వు పొద్దునపూట వేస్తే దానికేం అందుతుంది?" అన్నారు. అంతే. నేను చదివినవాటిలో కూడా రాత్రి తిరిగే చేప అనే ఉంది, కానీ మేత వేళ మార్చాలన్న సంగతి నాన్న అనేదాకా నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదింటికి ట్యాంకు లైటు ఆపేస్తాను. పదిన్నరకి టెట్రాలు మొక్కల మధ్య కదలకుండా ఉంటాయి. కోరీలు మాత్రం వాసన తగిలితే లేచి వస్తాయి కాబట్టి ముందు ఎడమ మూల వాటికి గుళికలు వేస్తాను. అవి ఆ పనిలో ఉండగా, కుడి మూల అరంగుళం పీవీసీ పైపు ఇసుక దాకా దింపి, గడ్డకట్టించి అమ్మే ఎర్రటి సన్న పురుగుల్ని (బ్లడ్‌వార్మ్స్) కరిగించి సిరంజితో అందులోకి వదులుతాను. వారానికి ఒకసారి నాన్న పూలకుండీల్లోంచి తీసిన వానపాములు, కడిగి ముక్కలు చేసి. టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం చుట్టి చూస్తాను, ఆ వెలుగుకి మా చేప పెద్దగా బెదరలేదు.

మొదటి తొమ్మిది రాత్రులు ఏమీ కనిపించలేదు. ఇసుక తవ్వి చూద్దామని చెయ్యి ట్యాంకు దాకా వెళ్లేది. మీరు మాత్రం తవ్వకండి, తవ్విన ప్రతిసారీ అది బెదిరి ఇంకా లోపలికి పోతుంది. పదో రాత్రి పైపు పక్కన ఇసుక కొంచెం ఉబ్బింది. రెండు చిన్న మీసాలు బయటికొచ్చాయి, తర్వాత మొహం, ఆ తర్వాత ఒక్క ఊపున ముందుకు జరిగింది. ఈదలేదు. మొప్పల్లోంచి నీటిని వెనక్కి చిమ్మి ఆ తోపుతో నేల మీద జరుగుతుంది ఇది. ఒక్కో పురుగునీ పీల్చుకుంటుంటే గొంతు కింద చర్మం కదలడం కూడా కనిపించింది. నేను పరుగెత్తుకెళ్లి నాన్నను నిద్రలేపాను.

దాగడానికి సగం పగిలిన పూలకుండీ బోర్లించాను, మా వీధి చివర బాదం చెట్టు కింద రాలిన ఎర్రటి ఎండుటాకులు కడిగి వేశాను. నీళ్లు లేత డికాక్షన్ రంగుకి తిరుగుతాయి, కొందరికి నచ్చదు గానీ ఈ చేపకి ఆ మసక వెలుతురే ధైర్యం. ఆకులు వేశాక అప్పుడప్పుడు సాయంత్రం ఏడింటికే బయటికి రావడం మొదలుపెట్టింది. మందులు కొట్టే రోడ్డు పక్క చెట్ల ఆకులు మాత్రం వాడొద్దు.

2024 మార్చిలో ఒక రాత్రి దాని ఒంటి మీద తెల్లటి పొర లేచి వేలాడుతూ కనిపించింది. ఫంగస్ అనుకుని టెన్షన్ పడి మందు సీసా మూత కూడా తీశాను. పొలుసుల్లేని చేపకు రాగి కలిసిన మందులు పూర్తి మోతాదులో వేస్తే ప్రాణం మీదకొస్తుందని గుర్తొచ్చి, ఒక్క రాత్రి ఆగుదామనుకున్నాను. పొద్దున చూస్తే ఉల్లిపొర లాంటి చర్మం ఇసుక మీద పడి ఉంది, చేప కొత్త రంగుతో నల్లగా నిగనిగలాడుతోంది. బాంజోలు పాముల్లా కుబుసం విడుస్తాయని తర్వాత తెలిసింది.

అసలు పరీక్ష మే నెల. దీనికి 22 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి, మా ట్యాంకేమో 33 చూపించింది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, దాని మొప్పలు గబగబా కొట్టుకోవడం ఇసుకలోంచే కనిపించేది. ఐసు గడ్డలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే అదో దెబ్బ. మూత తీసి వల కప్పి, టేబుల్ ఫ్యాను నీటి పైనుంచి గాలి వచ్చేలా పెడితే 30కి దిగింది. నీళ్లు బాగా ఇంకిపోతాయి. ఇంకినంత వరకు ఆర్వో నీళ్లే కలిపాను, బోరు నీళ్లు కలుపుతూ పోతే ఉప్పు పేరుకుంటుంది. కరెంటు పోతే ఉంటుందని ఎయిర్ పంపును ఇన్వర్టర్ లైనుకి మార్చాం.

ఇప్పుడది నాలుగంగుళాలకు దగ్గర్లో ఉంది. పొట్ట గుండ్రంగా ఉందా లేదా అని వారానికోసారి అద్దం దగ్గరికొచ్చినప్పుడు చూసుకుంటాను, దాని ఆరోగ్యానికి నాకున్న కొలత అదొక్కటే. జతగా ఇంకోటి తేవాలని ఉంది. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందే చెన్నై వెళ్లాలి, ఈసారి మగ్గు కూడా వెంట తీసుకెళ్తాను.